ఎగిరెడి ప్రదర్శనశాల

మన దేవాలయములలో రథములు కలవు. సంవత్సరమున కొకమారు, ఉత్సవదినమున, వానిని వీథులలోనికి లాగుదురు. అంతకు పూర్వమే వడ్రంగి వచ్చి ఇరుసు చూచును; చక్రములను సుత్తితో తట్టి వినును; పుచ్చిన దూలమును తీసి క్రొత్తది బిగించును. నూరేండ్లు గడచునప్పటికి ఆ రథమున మొదటి కఱ్ఱ ఎంత మిగిలియుండునో చెప్పుట కష్టము. అయినను అది ఆ రథమే యని ఊరివారందరు నందురు. ఏల? అది ఇంకను కదలుచున్నది గనుక.

ఈ సాయంకాలము నేను ముచ్చటింప దలచినది ఇట్టి రథములను గూర్చియే. కాని ఇవి ఆకాశమున నడచునవి. తమ కాలము తీరిపోయిన విమానములను గాజుపెట్టెలలో నుంచక, బాగుచేసి, ప్రజలయెదుట ఎగిరించుటయు, కొన్నిటిలో ప్రజలనే ఎక్కించి త్రిప్పుటయు కొన్ని దేశములలో ఒక వృత్తిగాను, ఒక వ్రతముగాను సాగుచున్నది. ఈ పని యెట్లు జరుగును? దానికి ధనమెట్లు వచ్చును? అన్నిటికంటె ముఖ్యముగా, ప్రాణాపాయము గల ఈ పనిని చేయవచ్చునా? ఈ మూడు ప్రశ్నలను వరుసగా విచారింతము.

ఇంగ్లండులోని బెడ్ఫర్డుషైరున ఓల్డ్ వార్డెన్ అను చిన్న గ్రామము కలదు. అచ్చటి పచ్చిక మైదానముప్రక్కన షటిల్‌వర్త్ సంగ్రహమను విమానశాల యున్నది. దీనికి మూలపురుషుడు రిచర్డ్ ఆర్మండ్ షటిల్‌వర్త్. ఇతడు 1909లో జన్మించెను. మోటారుబండ్లయందును, విమానములయందును వల్లమాలిన మక్కువ గలవాడు. 1933లో ఒక చిన్న విమానముపై ఇంగ్లండునుండి బయలుదేరి, వైస్రాయి పందెమునకై మన దేశమునకు వచ్చెను. 1935లో, ఎవరికిని అక్కఱలేక మూలబడియున్న రెండు విమానములను సంపాదించెను. ఒకటి 1909 నాటి బ్లేరియో. రెండవది 1910 నాటి డెపెర్డుస్సాన్. యుద్ధము రాగా వైమానికదళమున చేరి, 1940 ఆగస్టు 2వ తేదీ రాత్రి శిక్షణలో విమానము కూలి మరణించెను. అప్పటి కతనికి ముప్పదియొక్క యేండ్లు. తల్లి డొరతీ షటిల్‌వర్త్ కుమారుని జ్ఞాపకార్థము 1944లో ఒక ధర్మనిధిని స్థాపించెను. విమానము వలన కుమారుని కోల్పోయిన తల్లియే అతని విమానములను కాపాడెను. ఈ సంగతి మనము చివర మరల తలచుకొనవలసియుండును.

ఆ బ్లేరియో విమానము నేటికిని అచ్చట నున్నది. ప్రపంచములో ఎగురగల స్థితిలోనున్న విమానములలో మిక్కిలి ప్రాచీనమని దానికి పేరు. దాని యంత్రమునకు మూడే సిలిండరులు. సుమారు ఇరువదియైదు గుఱ్ఱముల బలము. అనగా నేడు మన వీథులలో తిరుగు కొన్ని మోటారుసైకిళ్ల బలముకన్న తక్కువ. గాలి బొత్తిగా లేని సాయంకాలమున మాత్రమే దానిని బయటికి తెత్తురు. అదియు మైదానము ఈ కొననుండి ఆ కొనకు, నేలకు కొంచెమెత్తున, తిన్నగా ఒక గంతు వేయించి దింపుదురు. మలుపు త్రిప్పరు. చూచువారు ఊపిరి బిగబట్టి చూతురు. నూఱు సంవత్సరములకు పూర్వము మానవుడు నేలను విడుచుట యెంత సాహసమో గ్రంథములు చదివినను తెలియనిది, ఆ అరనిమిషములో తెలియును.

మొదటి ప్రపంచయుద్ధకాలపు విమానములు మఱియొక వింత. అచ్చటి ఆవ్రో 504, సాప్‌విత్ పప్ అను విమానముల యంత్రములు నేటి యంత్రములవంటివి కావు. మన మోటారుబండిలో సిలిండరులు కదలక యుండును. లోపలి ఇరుసు తిరుగును. ఈ యంత్రములలో ఇరుసును విమానమునకే బిగింతురు. సిలిండరులన్నియు ప్రొపెల్లరుతోకూడ గిఱ్ఱున తిరుగును. అట్లు తిరుగుటచేత గాలి తగిలి అవి చల్లబడును. కాని అంత బరువైన చక్రము ముందు తిరుగుచుండుటచే, విమానమును ఒకప్రక్కకు త్రిప్పినచో ముక్కు క్రుంగును. రెండవప్రక్కకు త్రిప్పినచో ముక్కు లేచును. వేగమును తగ్గించుట కూడ సులభము కాదు. పైలటు ఒక మీటను నొక్కి నిప్పురవ్వను ఆపుచు, విడుచుచు దిగవలెను. అందుచేతనే దిగునప్పుడు ఆ యంత్రము ఆగి ఆగి మొరుగునట్లు వినబడును.

ఇంకొక సంగతి వినిన మనవారికి నవ్వు రాగలదు. ఈ యంత్రములకు కందెన ఆముదము. మన తాతలనాడు దీపమున వెలిగినదియు, పిల్లల నోటబోసినదియు నగు ఆముదమే. ఈ యంత్రములందు పెట్రోలును, గాలియు, నూనెయు ఒకేత్రోవను లోనికి పోవును. ఖనిజతైలము పెట్రోలులో కరగి పలుచబడిపోవును; ఆముదము అంత సులభముగా కరగదు. కావున దానినే వాడిరి. వాడిన నూనె మరల చేరదు; బయటికి చిమ్మబడి రెక్కలపైనను, పైలటు ముఖముపైనను పడును. ఓల్డ్ వార్డెన్ మైదానమున ప్రదర్శనదినమున ఆముదము కాలిన వాసన వ్యాపించును. వృద్ధులు దానిని చరిత్రయొక్క వాసన యందురట.

ఇట్టి యంత్రములను పోషించుట యెట్లు? ఈ విమానములు చాలవఱకు కఱ్ఱతోను, తీగెలతోను, నారగుడ్డతోను కట్టబడినవి. గుడ్డపై లక్కవంటి ద్రవమును పూయుదురు. అది ఆరి గుడ్డను మృదంగపు మూతవలె బిగించును. ఎండకును వానకును గుడ్డ క్షీణించును. కఱ్ఱలోనికి తేమ చేరినచో జిగురు వదలును. వీటిని కంటితో చూచి, వ్రేలితో నొక్కి, అవసరమైనచో గుడ్డనంతయు చీల్చితీసి లోపలి అస్థిపంజరమును పరీక్షింపవలెను. పగిలిన భాగమునకు బదులు బజారున దొరకదు. తయారుచేసిన కంపెనీలు అనేకము మూతపడినవి. పాతపటములు చూచి ప్రతిదియు క్రొత్తగా చేయవలెను. చేసినవారెవరు, ఏ లోహముతో చేసిరి, ఎవరు పరీక్షించిరి యను వివరములు పుస్తకమున వ్రాయవలెను. ఈ విషయమున వ్రాత లేని పని చేయని పనితో సమానము.

పైలట్ల సంగతియు నిట్టిదే. పెద్ద ప్రయాణికుల విమానములను నడపినవాడైనను నేరుగా వచ్చి వీనిలో కూర్చుండజాలడు. తోకచక్రముగల తేలిక విమానములతో మొదలిడి, ఒక్కొక్క మెట్టెక్కి, ఏండ్ల తరువాత మిక్కిలి ప్రాచీనములను ముట్టవలెను. కొన్నిటికి బ్రేకులే లేవు. ప్రక్కగాలి హెచ్చినచో దిగుటకు వీలుండదు. స్పిట్‌ఫైరువంటి బలిష్ఠమైన యుద్ధవిమానమునకును దాని బలహీనత దానికున్నది. నేలపై ఎక్కువసేపు నడిపినచో దాని యంత్రము వేడెక్కి నీరు మరుగును. కావున వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనుక యను క్రమమును నిమిషములతో లెక్కించి ముందే నిర్ణయింతురు. విమానములు జనముపైకి రాకుండ ఒక హద్దుగీత నుంతురు. ఉదయమున అందరిని కూర్చుండబెట్టి గాలి, మబ్బు, క్రమము, అపాయము వచ్చినచో చేయవలసిన పని చెప్పుదురు. ఆ సభలో అన్నిటికంటె విలువైన మాట, "ఈ దినము ఇది యెగురదు" అనునది. వేలమంది టిక్కెట్లు కొని వచ్చియున్నప్పుడు ఆ మాట చెప్పగలవాడే ఆ పనికి తగినవాడు.

ఇక ధనము. ప్రవేశరుసుము, సభ్యుల చందాలు, దాతల విరాళములు కొంతవఱకు వచ్చును. అవి చాలవు. అందుచే అనేకచోట్ల విహారయానము లేర్పడినవి. కేంబ్రిడ్జికి చేరువనున్న డక్స్‌ఫర్డున డ్రాగన్ రాపీడు అను రెండింజనుల విమానము ప్రజలను త్రిప్పుచున్నది. 1934లో మొదట ఎగిరిన ఆ రకమున ఎనమండుగురు ప్రయాణికులు కూర్చుండవచ్చును. అది మొదటినుండియు ప్రయాణికులకొఱకే నిర్మింపబడినది. యుద్ధవిమానముల సంగతి వేఱు. బ్రిటనులో రెండాసనముల స్పిట్‌ఫైరులో ధనమిచ్చి యెక్కువానికి, ఇది నేటి ప్రయాణికవిమానములంతటి క్షేమము గలది కాదని ముందు వివరింపవలెను. అతడు దానికి సమ్మతించి సంతకము చేయవలెను. మఱుగుపఱుపక చెప్పుట యన నిదియే.

ఇప్పుడు మూడవ ప్రశ్న. 2015 ఆగస్టు 22వ తేదీని ఇంగ్లండులోని షోరహాములో హంటరు అను పాత జెట్ విమానము ప్రదర్శనలో పల్టీ పూర్తిచేయలేక రహదారిపై కూలెను. పదునొకండుగురు మరణించిరి. వారిలో ఒక్కరును విమానమునందున్నవారు కారు. 2018 ఆగస్టు 4వ తేదీని స్విట్జర్లండు పర్వతములలో 1939 నాటి యుంకర్సు విమానము కూలి, పదునేడుగురు ప్రయాణికులును ముగ్గురు సిబ్బందియు మరణించిరి. పైలట్లు లోయలో క్షేమముకాని యెత్తున, తక్కువ వేగమున నడపుటయే కారణమని విచారణలో తేలెను. విమానమున తుప్పును, మరమ్మతు లోపములును కనబడెను. అవి ఆ ప్రమాదమునకు కారణములు కాకపోయినను, ఉండదగినవి కావు. 2019 అక్టోబరు 2వ తేదీని అమెరికాలో కనెక్టికటునందు బి-17 బాంబరు ఒకటి విహారయానమున కూలి ఏడుగురు మరణించిరి. ప్రయాణికులను ఎక్కించుటకు ఆ సంస్థకిచ్చిన అనుమతిని ప్రభుత్వము 2020లో రద్దుచేసెను.

ఈ మూడింటిని చూచి, ఇక ఎగుర వలదు, అన్నిటిని షెడ్డులో కట్టివేయుడు అనువారు కలరు. వారి మాటలో న్యాయమున్నది. ఎగిరిన ప్రతి గంటయు అరుదైన వస్తువును అరుగజేయును; కూలినచో మరల రాదు. కాని నా దృష్టిలో ఇచ్చట వేఱుచేయవలసిన విషయమొకటి కలదు. అపాయమును తెలిసి మీద వేసికొన్న పైలటు ఒకడు. చెప్పగా విని యెక్కిన ప్రయాణికుడు రెండవవాడు. రహదారిపై తనపనిమీద పోవువాడు మూడవవాడు. మొదటివాని ధైర్యమును మెచ్చవచ్చును. రెండవవానికి నిజము చెప్పవలెను. మూడవవానిపై మాత్రము ఈ వేడుక భారము ఒక వీసమైనను పడరాదు. షోరహాము తరువాత బ్రిటనులో నియమములు కఠినమైనది ఇందుకే. ఈ క్రమమును పాటింపగలిగినచో ఎగిరించవచ్చును. పాటింపలేనిచో కట్టివేయుటయే మేలు.

మన దేశమునకు ఇది పరాయి విషయము కాదు. మన వైమానికదళమునకును ప్రాచీనవిమానముల శాఖ యొకటి కలదు. 2018లో దానికి ఒక డకోటా విమానము చేరెను. పరశురాముడని దానికి పేరిడిరి. 1947 అక్టోబరు 27వ తేదీని మన సైనికులను శ్రీనగరమున దింపినవి డకోటాలే. ఆ రకపు విమానములనే 1945లో స్థాపితమైన దక్కన్ ఎయిర్‌వేసువారు హైదరాబాదున బేగంపేటనుండి నడిపిరి. 1953లో ఆ సంస్థ జాతీయసంస్థలో కలిసిపోయెను. డకోటా యింజనుల మ్రోతను బేగంపేట ఇండ్లకప్పులపై విన్న వృద్ధులు మనలో ఇంకను ఉందురు. వారు పోయినతరువాత ఆ మ్రోతను చెప్పుట ఎట్లు? పుస్తకమున వ్రాయజాలము. పటమున చూపజాలము. విమానము ఎగిరినప్పుడే అది వినబడును.

డొరతీ షటిల్‌వర్త్ ఈ విషయమునే గ్రహించెనని నాకు తోచుచున్నది. ఆమె కుమారునివలెనే ఆ యంత్రములును నేలకూలగలవని ఆమెకంటె నెక్కువగా తెలిసినవారు లేరు. అయినను వానిని కాపాడెను. రథము కదలవలెను, కాని కదలుటకు పూర్వము వడ్రంగి సుత్తితో తట్టి వినవలెను. చక్రము పలికిన మాట బాగులేనినాడు, ఉత్సవము ఆగినను ఆగవచ్చును.