పెండ్లికూతురి లేసు గౌను

పెండ్లి నిశ్చయమైనతోడనే చిరాగ్‌పల్లి, జహీరాబాదు ప్రాంతములందలి క్రైస్తవ గృహములలో నొక ప్రశ్న పుట్టుట కలదు: వధువునకు తెల్లచీరయా, లేసు గౌనా? రెండును శోభనిచ్చునవియే. గౌను కోరువారికొఱకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

1840లో విక్టోరియా రాణి తన వివాహమునకు తెల్లని గౌనును, ఇంగ్లండులోని డెవను సీమ స్త్రీలు అల్లిన లేసును ధరించెను. తెల్ల గౌను వాడుక వ్యాపించుటకు అది ముఖ్యకారణమయ్యెను. మన దేశమున గోదావరీతీరమునకు లేసుపని మిషనరీల మూలమున వచ్చినది. నరసాపురపు స్త్రీలు నూలుదారమును కొక్కెపుసూదితో అల్లు లేసునకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినది. కావున మంచి లేసుకై సముద్రములు దాటనక్కఱలేదు.

వదులుగా జాలువాఱు గౌనే మన యెండలకు తగినది. అయితే నూలు లేసు బరువైనది. గౌనంతయు దానితోనే కుట్టించినయెడల వధువునకు ఉక్కపోయును. మెత్తని మల్లుగుడ్డతో గౌను కుట్టించి, మెడకును, చేతులకును, క్రింది అంచునకును మాత్రమే లేసు వేయించుడు. అంచునందలి లేసు బరువుచే గుడ్డ తిన్నగా వ్రేలాడును. లోపలి అస్తరు పలుచని నూలుగుడ్డయై యుండవలెను.

నూలు తడిసిన కుదించుకొనును గనుక, కత్తిరింపక పూర్వమే గుడ్డను, లేసును నీట నానవేసి నీడను ఆరవేయుడు. ఇస్త్రీ తిరుగువైపున చేయవలెను. పెండ్లినాటి చెప్పులు తొడిగియే పొడవు కొలిపించుడు. మన యెఱ్ఱనేలపై ఈడ్చుకొనిపోవు అంచు గుడి చేరకమునుపే మాసిపోవును. కూర్చుండి, మోకరించి, చేతులెత్తి చూచినగాని గౌను సరిపోయినదని చెప్పరాదు. గౌనుకు లేసున్నప్పుడు ముసుగు సాదాగా నుండుటయే అందము. నగలు కొద్దిగా చాలును.

తల్లిదండ్రులకొక మనవి. ఒక్కదినపు శోభకై ఏండ్లకొలది అప్పు మోయుట తగదు. అట్లని అల్లినవారి కూలిని తగ్గించుటయు న్యాయము కాదు. ఇంట కూర్చుండి లేసు అల్లు నరసాపురపు స్త్రీలకు దొరకు స్వల్ప కూలినిగూర్చి మరియా మీస్ అను జర్మను విదుషి 1982లో ఒక గ్రంథమే ప్రకటించెను. కావున లేసు కొంచెమే కొనుడు, తగిన వెలనిచ్చి కొనుడు. దానిని భద్రపఱచినచో రేపు బిడ్డ బాప్తిస్మపు అంగీకి అదే లేసు అంచగును.