పాత్రశుద్ధి: చేతితోనా, యంత్రంతోనా?

అన్నాన్ని నిందించరాదని తైత్తిరీయోపనిషత్తు భృగువల్లి బోధిస్తుంది. ఆ గౌరవం వంట, వడ్డన, భోజనాలతో ముగిసేది కాదు. భోజనానంతరం పాత్రను శుద్ధి చేసి, మరునాటి అన్నానికి యోగ్యంగా నిలిపేవరకు అది కొనసాగుతుంది. అందువల్లనే మనుస్మృతి పంచమాధ్యాయంలోనూ, యాజ్ఞవల్క్యస్మృతి ఆచారాధ్యాయంలోనూ ద్రవ్యశుద్ధిని ప్రత్యేకంగా విచారించారు.

ఈ విచారణ నేడు గోపన్‌పల్లి పరిసరాల్లో మళ్లీ అవసరమైంది. గచ్చిబౌలి, నల్లగండ్ల, తెల్లాపూర్‌ల నడుమ ఉన్న ఈ గ్రామం చూస్తుండగానే బహుళ అంతస్తుల భవనాలతో నిండిపోయింది. ఐటీ ఉద్యోగాల నిమిత్తం ఇక్కడ స్థిరపడిన పిల్లల దగ్గరకు జిల్లాల నుంచి తల్లిదండ్రులు వచ్చి ఉంటున్నారు. కోడలు రాత్రి పదింటివరకు ఆఫీసు పనిలో ఉంటుంది. పనిమనిషి రాని నాడు సింకు నిండిపోతుంది. అప్పుడు ఇంట్లోకి డిష్‌వాషర్ వస్తుంది. దానితోపాటు ఒక సందేహమూ వస్తుంది. "అందరి ఎంగిలి కంచాలూ ఒకే పెట్టెలో వేసి తిప్పితే అది శుద్ధి అవుతుందా?" అని అత్తగారు అడుగుతారు. "ఇంత వేడినీటితో కడిగినా శుద్ధి కాదంటే ఎలా?" అని కోడలు అడుగుతుంది. కొన్ని ఇళ్లలో పెద్దలు తమ కంచం, చెంబు వేరుగా పెట్టుకొని, మోకాళ్ల నొప్పులతోనే తోముకుంటున్నారు. మన మాసపత్రిక పాఠకులలోనూ ఈ ప్రశ్న వేసేవారు పెరుగుతున్నారు. కనుక శాస్త్రం ఏమంటున్నదో, యంత్రం ఏమి చేస్తున్నదో పక్కపక్కన పెట్టి చూద్దాం.

శాస్త్రం చెప్పిన శుద్ధి

మనువు అన్ని పాత్రలకూ ఒకే విధిని చెప్పలేదు. లేపం అంటని బంగారు పాత్ర నీటితోనే శుద్ధమవుతుందన్నాడు. రాగి, ఇనుము, కంచు, ఇత్తడి, తగరం, సీసం మొదలైన వాటికి క్షారం, ఆమ్లం, ఉదకం అనే మూడు సాధనాలను చెప్పి, దేనికి ఏది తగునో దానినే వాడమన్నాడు. మట్టిపాత్రకు మరల కాల్చడమే శుద్ధి అన్నాడు. యజ్ఞకర్మలో యజ్ఞపాత్రలను చేతితో తుడవాలనీ, చరువు, స్రుక్కు, స్రువం వంటి వాటిని వేడినీటితో శుద్ధి చేయాలనీ విధించాడు. చరువు అన్నం వండినది. స్రుక్కు, స్రువాలు నేతిలో మునిగేవి. జిడ్డుకు ఉష్ణజలమే తగిన సాధనమని ఆనాడే గుర్తించారన్నమాట.

శుద్ధి పూర్తి అయినదనడానికి గుర్తు ఏమిటి? దానికీ మనువు సూటిగా సమాధానం చెప్పాడు. అంటిన పదార్థపు వాసన, జిడ్డు పోయేవరకు మన్ను, నీరు ఉపయోగించాలి. ఇక్కడ కొలత గంధలేపాల నివృత్తి. ఎవరు కడిగారు, ఎంతసేపు కడిగారు అన్నది కొలత కాదు.

మన పెరటి అలవాట్లన్నీ ఈ సూత్రానికి వ్యాఖ్యానాలే. కట్టెల బూడిదలో క్షారం ఉంటుంది. అది నూనె, నేతి జిడ్డుతో కలిసి కొంత సబ్బుగా మారి, నీటితోపాటు వదిలిపోతుంది. రాగి చెంబుకు చింతపండు రాస్తే, దానిలోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. కంచుకు బూడిద, రాగికి పులుపు అని పెద్దలు అనేది ఇందుకే. కొబ్బరి పీచు ఘర్షణకు, బావినీరు ప్రక్షాళనకు.

యంత్రంలో జరిగేది ఏమిటి?

ఈ యంత్రం కొత్తదేమీ కాదు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో నివసించిన జోసెఫీన్ కాక్రన్ అనే మహిళ 1886లో దీనికి పేటెంటు పొందింది. బ్రష్షులతో రుద్దే బదులు, నీటిని వేగంగా చిమ్మి కడగడమే ఆమె ఆలోచనలోని విశేషం. 1893లో చికాగో విశ్వప్రదర్శనలో ఆ యంత్రాన్ని ప్రదర్శించారు. ఆ ప్రదర్శన సందర్భంగా జరిగిన సర్వమత మహాసభలోనే స్వామి వివేకానందులు ప్రసంగించారు. అదే సంవత్సరం ఫిబ్రవరిలో ఆయన మన సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్యయాత్రా లక్ష్యాన్ని గురించి ఉపన్యసించి వెళ్లారు.

నేటి యంత్రం పనిచేసే క్రమం ఇది. మొదట నీటిని తీసుకొని, పాత్రలపై చిమ్మి, మెతుకులను, పులుసును వదిలించి, ఆ నీటిని బయటికి పంపుతుంది. మళ్లీ కొత్త నీరు తీసుకొని, 50 నుంచి 70 డిగ్రీల వరకు వేడిచేసి, క్షారం కలిసిన పొడితో కడుగుతుంది. ఆ పొడిలోని ఎంజైములు గంజిని, పప్పును విడగొడతాయి. ఆ నీటినీ పారబోసి, కొత్త నీటితో ఒకటి రెండుసార్లు జాడిస్తుంది. చివరి జాడింపులో కలిసే ద్రవాలు చాలావాటిలో నిమ్మ ఉప్పు ఉంటుంది. అంటే మనువు చెప్పిన క్షారం, ఆమ్లం, ఉదకం మూడూ ఇక్కడ ఉన్నాయి. నేతి పాత్రలకు చెప్పిన ఉష్ణజలమూ ఉంది.

లేనిది ఒక్కటే: మార్జనం, అనగా రుద్దడం. అందుకే పాలు అడుగంటిన గిన్నె, మాడిన పోపు మూకుడు యంత్రంలోనుంచి కొన్నిసార్లు మరకతోనే వస్తాయి. అటువంటి పాత్ర శుద్ధమైనట్లు కాదు. దానిని మరల చేతితో తోమవలసిందే. యంత్రం నుంచి తీసిన ప్రతి పాత్రనూ ఒక్కసారి చూసి, వాసన, జిడ్డు పోయాయో లేదో గమనించి, అప్పుడే అలమరలో పెట్టడం గృహస్థు బాధ్యత.

ఏ పాత్రకు ఏ పద్ధతి?

దేనికి ఏది తగునో అదే వాడమన్న విధి ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. స్టీలు కంచాలు, గ్లాసులు, గాజు, పింగాణీ పాత్రలు యంత్రానికి తగినవి. అల్యూమినియం గిన్నెలు ఆ క్షారానికి నల్లబడతాయి. ఇనుప మూకుడు, దోసెల పెనం నూనె పట్టు పోయి తుప్పు పడతాయి. ఇత్తడి, రాగి, కంచు వన్నె తగ్గుతాయి. కళాయి పూసిన పాత్రల పూత దెబ్బతింటుంది. మట్టికుండ, రాతిచిప్ప, చెక్కగరిటె నీటిని, సబ్బును పీల్చుకుంటాయి. వీటన్నిటికీ చెయ్యే సాధనం. అమ్మమ్మ ఇచ్చిన కంచుగిన్నెను యంత్రంలో వేసి పాడుచేసుకొని, తరువాత చింతించడం వివేకం కాదు.

గోపన్‌పల్లి వంటి చోట మరొక సంగతి ఉంది. రాతినేలల్లోని బోరునీరు తరచుగా కఠినజలం. అందులోని సున్నపు లవణాలు గ్లాసులపై తెల్లని పొరగా నిలుస్తాయి. ఈ దోషాన్ని తొలగించడానికే యంత్రం అడుగున ఉప్పు పోసే అర ఉంటుంది. లోపల ఉన్న రెసిన్ అనే పదార్థం నీటిలోని లవణాలను పట్టుకుంటుంది. ఉప్పు ఆ రెసిన్‌కు మరల శక్తినిస్తుంది. ఉప్పు పోయడం మరచి, యంత్రం సరిగా కడగడం లేదనేవారు చాలామంది ఉన్నారు.

నీటి లెక్క

జలం మనకు దేవత. నగరానికి కృష్ణా, గోదావరి, మంజీర జలాలు ఎంతో దూరం నుంచి వస్తున్నాయి. వేసవి రాగానే ఈ పడమటి కాలనీలలో ట్యాంకర్లు బారులు తీరుతాయి. కాబట్టి జలవ్యయాన్ని విచారించడం కూడా ధర్మవిచారమే.

ఒక చిన్న పరీక్ష చేయండి. సింకు కుళాయి కింద 15 లీటర్ల బకెట్టు పెట్టి, ఎంతసేపట్లో నిండుతుందో చూడండి. రెండు నిమిషాల్లో నిండితే, కుళాయి వదిలి 20 నిమిషాలు తోమిన ఇంట్లో 150 లీటర్లు పోయినట్లే. 12 నుంచి 14 మంది భోజనపు పాత్రలు పట్టే నేటి యంత్రం ఒక విడతకు తీసుకునేది సుమారు 10 నుంచి 15 లీటర్లు. విద్యుత్తు ఇంచుమించు ఒక యూనిట్. జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2004లో ప్రకటించిన అధ్యయనంలో, 12 మంది భోజనపు పాత్రలను చేతితో కడిగినవారు సగటున సుమారు 100 లీటర్ల నీరు వాడారు.

అయితే దీనితో చేతిపని ఓడిపోయిందనుకోరాదు. 2020లో అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఒక తొట్టిలో తోమి మరో తొట్టిలో జాడించే పద్ధతిని పరిశీలించి, పర్యావరణానికి కలిగే భారం యంత్రంకంటే అందులో తక్కువని తేల్చారు. రెండు గంగాళాలు పెట్టుకొని అంట్లు తోమిన మన పెద్దల పద్ధతి అదే కదా! నీటిని వృథా చేసేది ధారగా వదిలిన కుళాయి. ఇద్దరే ఉన్న ఇంట్లో నాలుగు గిన్నెలకోసం యంత్రాన్ని తిప్పడమూ వృథాయే.

ఎంగిలి, మడి: పెద్దల సందేహాలు

అందరి ఎంగిలీ ఒకచోట కలుస్తుందన్నది మొదటి సందేహం. పూర్వం పెరట్లోనూ అందరి కంచాలూ ఒకేచోట పడేవి. ఒకే పీచుతో, ఒకే బూడిదతో తోమేవారు. ఎంగిలిదోషం తరువాతి ప్రక్షాళనతో పోయేది. యంత్రంలోనూ మురికినీరు పోయి, కొత్తనీరు వచ్చిన తరువాతనే పాత్ర బయటికి వస్తుంది. కనుక నిత్యభోజన పాత్రల విషయంలో దోషం చెప్పడానికి ఆధారం నాకు కనబడదు. ఇంట్లో ఆహారనియమాలు వేరువేరుగా ఉన్నప్పుడు మాత్రం ఆ పాత్రలను వేరు విడతగా కడగడం అందరి మనశ్శాంతికి మంచిది.

రెండవది, ఎంగిలి పాత్రలు రాత్రంతా నిలవ ఉండరాదన్న ఆచారం. ఇది నిలుపుకోదగినది, ఎండిన మెతుకు వదలదు, పురుగు చేరుతుంది. యంత్రం నిండలేదని రెండు రోజులు ఆపడం ఆచారానికీ, ఆరోగ్యానికీ విరుద్ధం. రాత్రి భోజనం కాగానే నడపండి. నిండకపోతే చేతితో తోమండి.

మూడవది పూజాపాత్రలు. పంచపాత్ర, ఉద్ధరిణి, హారతిపళ్లెం, దీపపు కుందులు, నైవేద్యపు గిన్నెలు యంత్రంలో వేయవద్దు. యంత్రం అపవిత్రమని కాదు. భోజనపాత్రలతో కలపకుండా వాటిని వేరుగా ఉంచడం నియమం. యజ్ఞపాత్రలకు హస్తమార్జనం విధించిన భావమూ ఇదే: దేవతాకార్యంలో పాత్రను తోమడం పూజకు ముందు జరిగే పని కాదు, పూజలో భాగమే. ఆ పది నిమిషాలను యంత్రానికి ఇస్తే మిగిలే లాభమేమీ లేదు.

తోమే చేతికి గౌరవం

యంత్రమా, చెయ్యా అన్న చర్చలో మనం తరచుగా మరచేది ఆ చెయ్యి ఎవరిదన్న విషయం. చేతిపనివాని హస్తం నిత్యశుద్ధమని మనువు చెప్పాడు. ఆ మాట శిల్పుల విషయంలో చెప్పినదైనా, మన ఎంగిలిని శుభ్రపరచే చేతికి అది మరింతగా తగునని నా విశ్వాసం. ధర్మరాజు రాజసూయంలో శ్రీకృష్ణుడు అతిథుల పాదాలు కడిగే పనిని స్వీకరించాడు. ఎంగిలి విస్తళ్లు ఎత్తాడని కూడా జనులు చెప్పుకుంటారు. అమృత్‌సర్ స్వర్ణమందిరపు లంగరులో ఎంగిలి పళ్లాలు తోమడాన్ని నేటికీ సేవగా భావించి చేస్తారు. నేను చదువుకున్న సంస్కృత పాఠశాలలో ఎంత ధనవంతుని కొడుకైనా తన కంచం తానే కడుక్కునేవాడు. అది విద్యలో భాగం.

కాబట్టి పనిమనిషి మీద రోతతోనో, ఆమె తాకిన పాత్ర పనికిరాదన్న భావంతోనో యంత్రాన్ని కొంటే, పాత్ర శుద్ధమైనా కొన్నవారి మనస్సు శుద్ధం కాదు. ఇన్నేళ్లు మన అంట్లు తోమిన వ్యక్తిని యంత్రం రాగానే ఉన్నపళంగా మానిపించడం కృతఘ్నత. ఆమెకు వేరే పని చూపడమో, మరొక ఇల్లు దొరికేవరకు జీతం ఇవ్వడమో గృహస్థధర్మం. మరోవైపు, ఇంటి అంట్లన్నీ ఒక్క కోడలిమీదనే వదిలి, యంత్రం ఆచారవిరుద్ధమని చెప్పడమూ న్యాయం కాదు. వద్దనేవారు తామూ నాలుగు గిన్నెలు తోమాలి. పురుషులకూ ఇందులో మినహాయింపు లేదు.

దాతలకు ఒక మనవి

అన్నదానశాలలకు ఇటువంటి యంత్రాలు సమర్పించాలని కోరుకునే దాతలున్నారు. సంకల్పం మంచిదే. కాని ఇంటి యంత్రంలో గుండిగలు పట్టవు. వందలమంది పంక్తికి అది చాలదు. కొనేముందు అక్కడి నీటి కాఠిన్యం, విద్యుత్తు, మురుగు పారుదల, మరమ్మతు సౌకర్యం విచారించాలి. అవి లేనిచోట వేడినీటి ఏర్పాటు, నడుము ఎత్తున తోమే గట్లు, పనివారికి చేతితొడుగులు ఎక్కువ ఉపకరిస్తాయి. అరటి ఆకులు, మోదుగ విస్తళ్లు సమకూర్చడం మరొక మార్గం. వాటికి తోమడమే అవసరం లేదు.

నిర్ణయం

నిత్యం భోంచేసే స్టీలు, గాజు పాత్రలకు యంత్రం అంగీకారయోగ్యమే. గంధలేపాలు పోతే అది శాస్త్రసమ్మతమైన శుద్ధి. లోహవిశేషాలున్న పాత్రలకు, మాడిన గిన్నెలకు చెయ్యే తగినది. పూజాపాత్రలకు చెయ్యి తప్పనిసరి. ఏ పద్ధతిలోనైనా కంచంలో అన్నం వదలకుండా తినడం మొదటి శుద్ధి. అరణ్యవాసంలో ద్రౌపది అక్షయపాత్రకు అంటిన కొద్దిపాటి అన్నశాకాలను స్వీకరించి శ్రీకృష్ణుడు తృప్తిచెందగా, దుర్వాసుని శిష్యబృందమంతటికీ ఆకలి తీరింది. ఒక్క మెతుకుకు అంత మహిమ ఉన్నదని తెలిసినవారు దానిని సింకులోకి తోసే ముందు ఒక్క క్షణం ఆగుతారు.

యంత్రం ఉన్న ఇంటి పెద్దలు ఇక వేరు కంచం పెట్టుకొని శ్రమపడనక్కరలేదు. పిల్లలతో కలిసి, అదే పంక్తిలో, అదే కంచాలలో భుజించవచ్చు. శుద్ధి విధులన్నీ చివరికి కోరేది కుటుంబం ప్రసన్నంగా కలిసి అన్నం తినడమే.

శుభం భూయాత్.