బడి తొలినాటి సూచనపత్రము: తలిదండ్రుల బాధ్యత

వేసవి సెలవులు ముగిసి జూన్ నెల ప్రవేశించినంతనే తెలుగునాట పట్టణపట్టణమునందును కాథలిక్కు ప్రాథమిక పాఠశాలల వాకిళ్లు క్రిక్కిరిసిపోవును. క్రొత్త దుస్తులు, క్రొత్త బూట్లు, అట్టలు వేసిన పుస్తకములు, కంట తడిపెట్టు పసివాండ్రు, వారికన్న నెక్కువగా కలతపడు తల్లులు! ఈ సందడిలో రుసుము రసీదుతోబాటు కార్యాలయమువారు తలిదండ్రుల చేతికొక కాగితము నిత్తురు. బడివేళలు, సెలవు దినములు, దుస్తుల నియమములు, రుసుముల గడువులు, ప్రార్థన, క్రమశిక్షణ మొదలగు విషయము లందుండును. చాలమంది దానిని మడిచి జేబులో వేసికొందురు. అడుగున వ్రాలుచేయవలసియున్నచో చదువకయే చేయుదురు. ఎకరము పొలము కౌలుకిచ్చువాడు పత్రమునందలి ప్రతి పంక్తిని చదివించుకొని గాని వ్రాలుచేయడే! కన్నబిడ్డను దినమునకు ఆరేడుగంటలు పరుల చేతికప్పగించు పత్రమును మాత్రము చూడకుండుట యేమి వివేకము? ఈ కాగితము ఇంటికిని బడికిని నడుమ జరుగు ఒడంబడిక యని మా అభిప్రాయము. ఒడంబడికను ఇరుపక్షములవారును తెలిసికొనియే చేసికొనవలెను.

మొదట ఆ బడి యెవరిదో తెలిసికొనవలెను. 'కాన్వెంటు' అను మాటకు నిజముగా కన్యాస్త్రీల మఠమని యర్థము. 1849లో ఆనెసీ నగరమునుండి సెయింట్ జోసఫ్ సభకు చెందిన కన్యాస్త్రీలు యానామునకును, అనంతరము విశాఖపట్టణమునకును వచ్చిరి. 1904లో హాలెండు దేశమునుండి జీసస్ మేరీ జోసఫ్ సభవారు గుంటూరునకు వచ్చిరి. ఇట్టివారి మఠములను ఆనుకొని వెలసిన బడులను జనులు కాన్వెంటులని పిలిచిరి. కాలక్రమమున ఆ పేరు మఠమును విడిచి వీథిలోనికి వచ్చినది. నేడు మూడు గదులు అద్దెకు తీసికొని ఇంగ్లీషు అక్షరములు నేర్పు ప్రతి ప్రైవేటు బడియు కాన్వెంటే. పలకమీద 'సెయింట్' అను మాట యున్నంతమాత్రమున అది కాథలిక్కు బడి కాదు; ప్రొటెస్టెంటు సంఘముల బడులకు, ఏ సంఘముతోను సంబంధములేని బడులకు సైతము ఆ పేరు కలదు. కావున బడిని నడపునది మేత్రాసనమా, సన్న్యాసినీ సభయా, లేక పేరు మాత్రమే యెరువు తెచ్చుకొన్న వ్యక్తియా యని తలిదండ్రులు తొలుతనే అడుగవలెను. ప్రభుత్వపు గుర్తింపు కలదా, ప్రభుత్వధనసహాయము కలదా యనునది రెండవ ప్రశ్న. ఈ ప్రశ్నలకు వచ్చు సమాధానమును బట్టియే తక్కిన హక్కులును బాధ్యతలును ఏర్పడును.

ఇక మతవిషయము. ఈ బడులలో చదువు పిల్లలు పలుమతములవారు. ఉదయము సమావేశమున ప్రార్థన జరుగును. వారములో కొన్ని గంటలు కాథలిక్కు పిల్లలకు మతోపదేశమును, తక్కినవారికి నీతిపాఠములను చెప్పుట పెక్కుచోట్ల వాడుక. ఈ విషయమై మన రాజ్యాంగము స్పష్టముగా నున్నది. రాష్ట్రము గుర్తించిన లేక ప్రభుత్వధనమునుండి సహాయము పొందు విద్యాసంస్థలో చదువు నెవ్వనినైనను అతని సమ్మతిలేక, మైనరైనచో సంరక్షకుని సమ్మతిలేక, మతబోధకు గాని ఆరాధనకు గాని హాజరు కావలెనని నిర్బంధింపరాదని 28వ అధికరణము మూడవ ఖండము చెప్పుచున్నది. ఆ సమ్మతి మన చేతిలోనిది. అది సూచనపత్రము అడుగున నొక గీతగా నుండవచ్చును. చదివి యిచ్చిన సమ్మతి సమ్మతి యగును. చదువక చేసిన వ్రాలు నిర్లక్ష్యము మాత్రమే. ఇది హిందువులకును, మహమ్మదీయులకును మాత్రమే చెప్పుమాట కాదు. తమ బిడ్డకు మతోపదేశము చక్కగా జరుగవలెనని కోరు కాథలిక్కు తలిదండ్రులును, ప్రథమ దివ్యసత్ప్రసాదమునకు సిద్ధపరచు తరగతులు బడిలో జరుగునా, గుడిలో జరుగునా యని ఈ పత్రమునందే వెదుకవలెను.

ఇందు బడివారిపై అనుమానము పెంచుట మా ఉద్దేశము కాదు. కాథలిక్కు శ్రీసభ తానే ఈ సూత్రమును అంగీకరించినది. రెండవ వాటికను మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన విద్యావిషయక ప్రకటనము బిడ్డలకు తొలి గురువులు, ముఖ్య గురువులు తలిదండ్రులేయని ఉద్ఘాటించినది. ఆ సంవత్సరము డిసెంబరులో వెలువడిన మతస్వాతంత్ర్య ప్రకటనము, తలిదండ్రుల విశ్వాసమునకు సరిపడని పాఠములకు బిడ్డలను బలవంతపెట్టుట వారి హక్కులకు భంగమని తెలిపినది. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రము 796వ సూత్రమున ఉపాధ్యాయులు తలిదండ్రులతో కలసి పనిచేయవలెననియు, వారి మాట ఇష్టపూర్వకముగా వినవలెననియు, తలిదండ్రుల సంఘములనో సమావేశములనో ఏర్పరుపవలెననియు విధించుచున్నది. భారత కాథలిక్కు బిషప్పుల మహాసభవారు 2024 ఏప్రిల్ లో తమ విద్యాలయములకు ఇచ్చిన సూచనలలో, అన్యమతముల విద్యార్థులపై క్రైస్తవ సంప్రదాయములను రుద్దవలదనియు, ఉదయపు సమావేశమున రాజ్యాంగ పీఠికను చదివింపవలెననియు చెప్పిరి. కనుక సంశయము కలిగిన తండ్రి సిస్టరుగారి గదిలోనికి వెళ్లి మర్యాదగా అడిగినచో, అది ఆమె ధర్మమునే ఆమెకు జ్ఞప్తిచేయుట యగును గాని తగవు పెట్టుకొనుట కాదు.

అల్పసంఖ్యాకుల విద్యాసంస్థలకు 30వ అధికరణము ప్రత్యేక రక్షణ నిచ్చినది. విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను గాని, 2014లో ప్రమతి వ్యాజ్యమున సుప్రీముకోర్టు ధర్మాసనము ఆ చట్టము అల్పసంఖ్యాకుల బడులకు వర్తింపదని తీర్పు చెప్పినది. ఆ తీర్పును విస్తృత ధర్మాసనము పునఃపరిశీలింపదగునేమో యని 2025 సెప్టెంబరులో మఱియొక ధర్మాసనము ప్రధానన్యాయమూర్తికి నివేదించినది. ప్రైవేటు బడులలో పేదలకు నాలుగింట నొకవంతు స్థానములన్న నియమము ఈ బడులను తాకకుండుటకు ఆ తీర్పే కారణము. ఈ సంగతి తెలియక పలువురు దరఖాస్తులతో వచ్చి నిరాశతో మరలుచున్నారు. ఐనను ప్రభుత్వసహాయము పొందు బడి కేవలము మతము, జాతి, కులము, భాష కారణముగా ప్రవేశము నిరాకరింపరాదను 29వ అధికరణము నిలిచియేయున్నది. నిర్వహించు హక్కు దుర్నిర్వహణకు హక్కు కాదని 1958లోనే కేరళ విద్యాబిల్లుపై సుప్రీముకోర్టు అభిప్రాయపడియుండెను. స్వేచ్ఛ గలవారికి వివరణ యిచ్చు బాధ్యతయు కలదు.

అన్నిటికన్న మాకు ముఖ్యముగా తోచునది భాష. ఈ సూచనపత్రము నూటికి నూరుపాళ్లు ఇంగ్లీషులో నుండుట పెక్కు బడుల ఆచారము. ఉదయము బిడ్డను లేపి, స్నానము చేయించి, డబ్బాలో అన్నము సర్ది, బండియెక్కించునది తల్లి. జ్వరము వచ్చినచో ఎన్నాళ్లు బడికి పంపరాదో, మధ్యాహ్నము ఎవరు వచ్చి తీసికొనిపోవలెనో తెలియవలసినది ఆమెకు. ఆమె చదువలేని భాషలో ఆమెకు సూచనలిచ్చుట గోడకు చెప్పుటయే. అమ్మమ్మ తాతయ్యల వద్ద నుండి చదువు పిల్లల సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. బడిలో ఇంగ్లీషు మాధ్యమము ఉండుట వేరు, తల్లికి చెప్పవలసిన మాటను ఇంగ్లీషులో చెప్పుట వేరు. బోధనామాధ్యమము విషయమున బిడ్డ మాతృభాష యేదో నిర్ణయించువారు తలిదండ్రులే యని 2014లో కర్ణాటక వ్యాజ్యమున సుప్రీముకోర్టు చెప్పినది. ఆ స్వేచ్ఛను మేము కాదనము. కాని పత్రము రెండు భాషలలో నుండవలెనని కోరుటకు ఏ న్యాయస్థానమును అడ్డురాదు.

కాథలిక్కు గురువులకు తెలుగు క్రొత్తయా? పదునెనిమిదవ శతాబ్దమున కర్ణాటక మిషనులో పనిచేసిన ఫ్రెంచి జెసూట్ గురువు కూర్దో తెలుగు సంస్కృతములు నేర్చి నిఘంటువు కూర్చెను. సంస్కృతమునకును గ్రీకు లాటినులకును గల చుట్టరికమును 1767లో పారిసు పండితపరిషత్తునకు వ్రాసి తెలిపెను. 1963లో వాటికను మహాసభ ఆరాధనయందు దేశభాషలకు చోటిచ్చిన పిదప మన గుడులలో దివ్యబలిపూజ తెలుగులోనే జరుగుచున్నది. దేవునితో తెలుగులో మాటలాడువారు తల్లితో తెలుగులో మాటలాడలేరా? తెలంగాణమున 2018 నాటి చట్టము అన్ని బడులలోను పదవ తరగతి వరకు తెలుగును తప్పనిసరి బోధనాంశముగా చేసినది. తరగతిగదిలో తెలుగుమాట పలికిన బిడ్డకు జరిమానా విధించు నియమము ఏ పత్రమునందైన కానవచ్చినచో తలిదండ్రులు అందరును ఏకమై దానిని తీసివేయ కోరవలెను. మన బిడ్డ మన మాటను నేరముగా ఎంచుకొని పెరిగినచో ఆ చదువువలన వచ్చిన లాభమును ఏ తరాజుతో తూచగలము?

పిల్లల శరీరమునకు సంబంధించిన నియమములను సూక్ష్మముగా చూడవలెను. బెత్తము బడికి అలంకారమని తలచు తండ్రులు ఇంకను కలరు. 'నాలుగు తగిలింపుడు, మేమేమియు అనుకొనము' అని తామే చెప్పి పోవుదురు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2002లోనే విద్యానియమములను సవరించి బడులలో శరీరదండనను నిషేధించినది. తండ్రి అనుమతించినంతమాత్రమున అది ధర్మము కాజాలదు. పుస్తకముల సంచి బరువు బిడ్డ బరువులో పదియవ వంతునకు మించరాదనియు, రెండవ తరగతి వరకు ఇంటిపని యీయరాదనియు కేంద్రప్రభుత్వపు 2020 నాటి విధానపత్రము సూచించినది. ఇరువది కిలోల బిడ్డకు రెండు కిలోలే పరిమితి. ఇంటిలోని త్రాసుపై ఒకసారి సంచి నుంచి చూచినచో సంగతి తెలియును. కాలక్రమపట్టికను చూచి ఆనాటి పుస్తకములే సర్దుట తలిదండ్రుల పని. పట్టికను తప్పక పాటించుట బడి పని.

ఆరోగ్యవిషయమున రెండు మాటలు. అయిదారేండ్ల ప్రాయమున వేయవలసిన డి.పి.టి. రెండవ బలవర్ధక టీకాను పెక్కు కుటుంబములు మరచుచున్నవి. సరిగా బడిలో చేరు వయస్సే అది. బిడ్డకు ఆయాసము, మూర్ఛ, ఏదేని పదార్థము పడకుండుట మున్నగునవి యున్నచో దాచక వ్రాసి యీయవలెను. సాయంత్రము బిడ్డను తీసికొనిపోవువారి పేర్లు బడిలో నమోదు చేయవలెను. ఆటోలో కిక్కిరించి పంపుట చవుకగా తోచినను ప్రాణముతోడి జూదము. పిల్లలపై లైంగిక దౌర్జన్యములను శిక్షించు 2012 నాటి చట్టము ప్రకారము, అట్టి నేరము జరిగినదని యెరిగిన ప్రతివారును అధికారులకు తెలుపవలెను. బడి పరువుకొఱకు దాచుటయు నేరమే. ఫిర్యాదు ఎవరికి చేయవలెనో పత్రమున లేకున్నచో అడిగి వ్రాయించుకొనవలెను.

రుసుముల సంగతి కడపటిది గాని చిన్నది కాదు. 1983 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టము కాపిటేషను రుసుమును నిషేధించినది. ఆంధ్రప్రదేశ్ లో 2019 చట్టముచే ఏర్పడిన పాఠశాలవిద్యా నియంత్రణ పర్యవేక్షణ సంఘము కలదు. ఏడాది పొడవున ఎప్పుడెంత కట్టవలెనో పద్దులవారీగా తొలినాడే తెలుపుట న్యాయమైన బడి లక్షణము. పంట చేతికి వచ్చువరకు రొక్కము చూడని రైతు గడువు కోరుట సహజము. ఆ సంగతి అవమానముగా భావింపక ముందుగనే మాటలాడుకొనుట ఇరువురకును మేలు. కట్టవలసినవారు కట్టలేదని బిడ్డను తరగతి వెలుపల నిలువబెట్టుట ఏ ధర్మమునకును ఒప్పదు. బిడ్డ బాకీదారు కాదు.

బడివారి విధులను ఇంతగా చెప్పినపుడు మన విధులను మరువరాదు. గంటకు ముందే పంపుట, అకారణముగా మానిపింపకుండుట, పెండ్లిండ్లకును జాతరలకును వారముల తరబడి ఊరికి తీసికొనిపోకుండుట, తలిదండ్రుల సమావేశమునకు తండ్రియు తల్లియు స్వయముగా పోవుట, ఇంట ఉపాధ్యాయినిని తూలనాడకుండుట మన వంతు. ఇంట నిందింపబడిన గురువు మాటను బిడ్డ బడిలో వినడు.

కావున తలిదండ్రులు ఈ జూన్ నెలలో ఒక సాయంకాలము దీనికి వినియోగింపవలెనని మా మనవి. సూచనపత్రమును విప్పి, భార్యాభర్తలు కలసి, పెద్దలుండినచో వారికిని వినిపించుచు, మొదటినుండి తుదివరకు చదువుడు. తెలియని మాటలను గుర్తుపెట్టుకొని మరునాడు అడుగుడు. సమ్మతింపదగినదానికి సమ్మతించి, తగనిదానిని వినయముతో తెలుపుడు. పాఠశాలాధికారులు రాబోవు ఏటికైనను ఆ పత్రమును తెలుగులో ముద్రింపింతురుగాక. ఒక్క కాగితపు వెనుకవైపున తెలుగు అచ్చువేయుటకు పట్టు వ్యయము అత్యల్పము. దానివలన బడితో మాట కలుపగల తల్లులు వేనవేలు.