రికార్డింగ్‌లో ‘టిక్ టిక్’: తప్పు ఆపరేటర్‌దేనా?

ఆదివారం ఆరాధనలో హాలు స్పీకర్లలో పాట శుభ్రంగా వినిపిస్తుంది. అదే పాటను మంచాన పడ్డ పెద్దలు ఇంట్లో ఫోన్‌లో వింటే మధ్యమధ్య ‘టిక్, టిక్’ మంటుంది. ఇక అందరి చూపూ సౌండ్ దగ్గర కూర్చునే కుర్రవాడి మీదే. మైకులు మార్చమంటారు. కానుకల డబ్బు ఖర్చవుతుంది, శబ్దం మాత్రం పోదు.

చాలాచోట్ల ఇది గాయక బృందానికి మైకులు పెంచినప్పుడు మొదలవుతుంది. కంప్యూటర్‌కున్న ఆడియో ఇంటర్‌ఫేస్‌లో చోటు చాలక, ఎనిమిది మైకులు పట్టే ప్రీయాంప్ కొని, సన్నని ఆప్టికల్ కేబుల్‌తో దానికి కలుపుతారు. కలపగానే ధ్వని వస్తుంది కనుక పని అయిపోయిందనుకుంటాం.

కానీ డిజిటల్ పరికరం ధ్వనిని సెకనుకు, ఉదాహరణకు, 48,000 సార్లు కొలిచి అంకెలుగా పంపుతుంది. ఆ వేగాన్ని నిర్ణయించేది దాని లోపలి గడియారం. రెండు పరికరాలంటే రెండు గడియారాలు. రెండింటి మీదా 48,000 అనే ఉన్నా అవి అచ్చంగా ఒకే వేగంతో నడవవు. లక్షకు రెండు వంతుల తేడా ఉన్నా సెకనుకు దాదాపు ఒక కొలత ఎక్కువో తక్కువో అవుతుంది. ఎక్కువైతే ఒకటి జారిపోతుంది, తక్కువైతే ఉన్నదే మళ్ళీ వస్తుంది. అతుకు పడిన చోటే ఆ టిక్.

దీనికి పైసా ఖర్చు లేదు. ఒక గడియారం నడిపించాలి, రెండోది అనుసరించాలి. ప్రీయాంప్ నుంచి ఒక్కటే కేబుల్ వస్తుంటే, ప్రీయాంప్‌ను ‘ఇంటర్నల్’లోనే ఉంచి, ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో క్లాక్ సోర్స్‌ను ‘ఏడాట్’కు మార్చండి. కొన్నింటిలో ‘ఆప్టికల్’ అని ఉంటుంది. ‘లాక్’ లేదా ‘సింక్’ గుర్తు నిలకడగా కనిపించాలి. ఇంటర్‌ఫేసే నడిపించాలంటే దాని నుంచి ప్రీయాంప్‌కు మరో ఆప్టికల్ కేబులో, వర్డ్ క్లాక్ కేబులో వెళ్ళాలి. రెండింటినీ ‘ఎక్స్‌టర్నల్’లో పెడితే నడిపించేదే ఉండదు.

లాక్ పడకపోతే శాంపిల్ రేటు చూడండి. ఒకటి సీడీలకు వాడే 44,100లో, మరొకటి వీడియోలకు వాడే 48,000లో ఉండవచ్చు. 48,000లో తీసిన పాట 44,100గా నడిస్తే ఎనిమిది శాతం నెమ్మదిస్తుంది, శ్రుతి కీబోర్డు మీద ఒక మెట్టుకు పైగా దిగుతుంది. అప్పుడు నింద పాడినవాళ్ళ మీద పడుతుంది!

ప్రతి టిక్కూ గడియారానిది కాదు. కొత్త ఎనిమిది మైకుల్లోనే వస్తుందా, ఇంటర్‌ఫేస్‌కే తగిలించిన పాత మైకుల్లోనూ వస్తుందా అని ఒక్కొక్క ట్రాకూ విడిగా వినండి. కొత్తవాటిలోనే అయితే ముందు గడియారాన్ని అనుమానించాలి. అన్నింటిలోనూ వస్తూ, కంప్యూటర్ మీద పని పెరిగేకొద్దీ పెరుగుతుంటే బఫర్‌ను 128 నుంచి 512కు పెంచండి. యూఎస్‌బీ కేబుల్‌ను హబ్‌కు కాక నేరుగా కంప్యూటర్‌కు పెట్టండి. శనివారం ప్రాక్టీసు రోజున పది నిమిషాలు రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లతో విని చూస్తే తేడా తెలిసిపోతుంది.