లినక్స్ స్థాపన: ఇరవై నిమిషాలా, మూడు రాత్రులా?

యాంగోన్ నగరంలోని సంచౌంగ్ పేటలో మా బావగారింట ఇటీవల ఒక వివాదం చెలరేగింది. వారి కంప్యూటరు పదేళ్ల నాటిది. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కోరే టీపీఎం 2.0 భద్రతా సదుపాయం ఆ యంత్రంలో లేదు. కొత్తది కొనడమా, ఉన్నదానిలోనే లినక్స్ ఎక్కించడమా? "ఇరవై నిమిషాల పని, నాన్నగారూ!" అన్నాడు మేనల్లుడు. "మూడు రాత్రులైనా తెమలదురా" అన్నారు బావగారు. తీర్పరిగా నన్ను కూర్చోబెట్టారు.

బావగారి మాట నిరాధారం కాదు. హెల్సింకీ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్‌ను ప్రకటించాడు. 1993లో వచ్చిన స్లాక్‌వేర్‌ను ఫ్లాపీల దొంతర నుండి ఒక్కొక్కటిగా ఎక్కించుకోవలసి ఉండేది. తెరపై బొమ్మ రావాలంటే ఆ తెర పౌనఃపున్యాన్ని మనమే అంకెలలో వ్రాయాలి. అంకె తప్పితే తెరకే ముప్పని హెచ్చరించేవారు. ఆ భయం ఒకసారి పట్టుకున్నవారిని సులభంగా వదలదు.

మేనల్లుడి మాటా అబద్ధం కాదు. లినక్స్ మింట్ సుమారు 3 గిగాబైట్ల దస్త్రం. దానిని పెన్ డ్రైవులోనికి ఎక్కించి కంప్యూటరును అందులోనుంచి నడిపిస్తే, లోపలి డిస్కును ముట్టకుండానే వ్యవస్థను పరీక్షించవచ్చు. 4 గిగాబైట్ల మెమరీ ఉంటే మేలు. భాష, కీబోర్డు, ఊరు, పేరు అడుగుతుంది. మిగిలినది తానే చూసుకుంటుంది.

అయితే ఆ ఇరవై నిమిషాల లెక్కలో చేరనివి చాలా ఉన్నాయి. నెట్ మందగించే చోట 3 గిగాబైట్లు దించుకోవడమే ఒక రాత్రి. దించినది చెడలేదని ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యతో సరిచూడాలి; మేము ఈ పని మరచి ఒక సాయంత్రం వృథా చేసుకున్నాము. వైఫై చిప్పుకు డ్రైవరు లేకపోతే దానిని నెట్ నుండి తేవాలి, నెట్ రావాలంటే ఆ డ్రైవరే కావాలి! ఫోనును యూఎస్‌బీ తీగతో కలిపి ఆ ముడిని విప్పాము. ఇక యాంగోన్ వాసులకు కరెంటు కోతల సంగతి చెప్పనక్కరలేదు. డిస్కును విభజిస్తున్న సమయంలో దీపం ఆరితే ఉన్నదీ పోవచ్చు. యూపీఎస్ లేకుండా ఆ మీట నొక్కరాదు.

భాష విషయంలో మాత్రం నాకు ఆశ్చర్యమే కలిగింది. ప్యాడౌక్ ఖతితో బర్మీస్, లోహిత్ ఖతితో తెలుగు చక్కగా కనిపించాయి. ఐబస్ అనే పరికరంలో ఎం17ఎన్ పద్ధతులను చేర్చుకుంటే, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం పేరు మీదుగా ప్రవాసాంధ్రులకు పరిచితమైన ఆర్‌టీఎస్ వరుసలో తెలుగు వ్రాసుకోవచ్చు.

కాని అసలు చిక్కు అక్కడే బయటపడింది. ఆ డిస్కులో బావగారి తండ్రిగారు తమ బర్మా జీవితాన్ని గురించి వ్రాసుకున్న పుటలున్నాయి. లినక్స్‌లో తెరిస్తే తెలుగుకు బదులు ఇంగ్లీషు అక్షరాలూ, చిత్రమైన గుర్తులూ! అవి యూనికోడుకు వెలుపలి పాత ఖతులలో టైపు చేసినవి. ఆ ఖతులు ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు అక్షర ఖండాలను కూర్చుకునేవి. తెలుగుకు యూనికోడులో స్వంత గళ్లు 1991లోనే దక్కినా, అచ్చుపని మాత్రం చాలాకాలం పాత దారినే సాగింది. బర్మీస్‌కూ ఇటువంటి కథే ఉంది: జావ్‌జీ పద్ధతిని విడిచి మ్యాన్మార్ అధికారికంగా యూనికోడుకు మారినది 2019 అక్టోబరు 1న. అంతకు ముందరి ఉత్తరాలు ఇంట్లో ఉన్నవారు ఇది గమనించాలి.

"డిస్కు మొత్తం తుడిచివేయమంటావా?" అని తెర అడుగుతుండగా బావగారు మేనల్లుడి చేయి పట్టుకున్నారు. ఆ క్షణాన వారిదే గెలుపు. పాత విండోస్‌లోనే, ఆ ఖతులుండగానే, పుటలన్నింటినీ పీడీఎఫ్‌గా భద్రపరచాము. తరువాత చిన్న కొత్త డిస్కు కొని లినక్స్‌ను దానిపై ఎక్కించాము. అది పూర్తికావడానికి పట్టినది ఇరవై రెండు నిమిషాలు. అక్కడికి చేరడానికి నాలుగు రాత్రులు. పాత డిస్కు ఇప్పుడు గుడ్డలో చుట్టి బీరువాలో ఉన్నది. మేనల్లుడు ఆదివారాలలో తాతగారి పుటలను యూనికోడులోనికి మారుస్తున్నాడు. ఒత్తులు తప్పినచోట బావగారు దిద్దుతున్నారు.