జ్వరం పోయింది, మచ్చ మిగిలింది

మట్టి గోడల పగుళ్లు, పశువుల పాకలోని తడి నేల శాండ్‌ఫ్లైకి సొంతిల్లు. దోమకన్నా బాగా చిన్నదైన ఈ కీటకం కుట్టినప్పుడు లీష్మేనియా డోనోవని అనే పరాన్నజీవి మనిషి ఒంట్లో చేరి కాలా అజార్ తెస్తుంది. వారాల తరబడి జ్వరం, ఉబ్బిన ప్లీహం, రక్తహీనత. చికిత్స అందకపోతే దాదాపుగా ప్రాణాంతకమే. బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పశ్చిమ బెంగాల్‌ రాష్ట్రాలు దీనితో చాలాకాలం బాధపడ్డాయి.

ఇప్పుడు లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బి ఒక్క డోసుతో జ్వరం నయమవుతోంది. బ్లాకులో 10,000 మందికి ఏడాదికి ఒక్క కేసు కన్నా తగ్గితే నిర్మూలన సాధించినట్టే లెక్క. బంగ్లాదేశ్ 2023లో ఆ గుర్తింపు పొందింది.

చిక్కు ఇక్కడే ఉంది. నయమైన కొందరిలో నెలలకో, ఏళ్లకో చర్మంపై పాలిపోయిన మచ్చలు, బుడిపెలు వస్తాయి. నొప్పి ఉండదు, పనికి అడ్డురావు. బొల్లి అనో, కుష్టు అనో పొరబడేవారూ ఉన్నారు. ఇలాంటివారిని ప్రయోగశాలలో పెంచిన, పరాన్నజీవి లేని శాండ్‌ఫ్లైల చేత కుట్టించి చూసిన పరిశోధకులకు ఆ కీటకాల్లో పరాన్నజీవి కనిపించింది. బుడిపెలున్నవారి నుంచి ఎక్కువగా సోకింది, మచ్చలున్నవారూ మినహాయింపు కాదు. మన ఉపఖండంలో ఈ పరాన్నజీవికి ప్రధాన ఆశ్రయం మనిషే. అంటే ఊళ్లో జ్వరాలు ఆగినా, దాని నిల్వ ఒకరి చర్మంలో ఉండిపోవచ్చు.

దీనికి మిల్టెఫోసిన్ 12 వారాలు వాడాలి. గర్భిణులకు ఇవ్వకూడదు. మధ్యలో కళ్లు ఎర్రబడినా, చూపు మసకబారినా వెంటనే డాక్టరుకు చెప్పాలి. గోడలకు మందు కొట్టడం సులువే, ఒంట్లో బాగానే ఉందనుకునే మనిషి చేత మూడు నెలలు మాత్రలు మింగించడమే కష్టం.