అడ్డు లేని గుమ్మం

లండన్‌లోని హౌన్స్‌లోలో టిఫిన్ సెంటర్ పెట్టాలనుకునే తెలుగువారికి అక్కడి చట్టం అడిగే మొదటి కాగితం నమ్మలేనంత తేలిగ్గా కనిపిస్తుంది. వ్యాపారం మొదలుకావడానికి కనీసం 28 రోజుల ముందు హౌన్స్‌లో కౌన్సిల్ దగ్గర నమోదు చేసుకోవాలి: ఎవరు పెడుతున్నారు, ఎక్కడ వండుతారు, ఏం అమ్ముతారు. ఫీజు లేదు. ఆ నమోదును కాదనే అధికారం కౌన్సిల్‌కు కూడా లేదు. మన ఊళ్లలో హోటల్ తెరవాలంటే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు, మున్సిపాలిటీ ట్రేడ్ లైసెన్సు చేతికి రావాలి. అవి వచ్చాయంటే గండం గట్టెక్కినట్టే అనుకుంటాం. అదే అలవాటుతో ఇంగ్లండ్ నమోదును అనుమతి పత్రం అనుకుంటే నష్టం అక్కడే మొదలవుతుంది. ఇంగ్లండ్‌లో పరీక్ష లేక కాదు. ఉన్న డబ్బంతా పెట్టేసి, పొయ్యి వెలిగించాక ఆ పరీక్ష వస్తుంది. లీజు మీద సంతకం పెట్టకముందే ఆ పరీక్షను తమకు తాము పెట్టుకున్నవాళ్లే ఈ వ్యాపారంలో నిలబడగలరన్నది నా వాదన.

ఈ పద్ధతి ఎంత భిన్నమైనదో తెలియాలంటే పక్కనే ఉన్న నెదర్లాండ్స్‌ను చూడాలి. అక్కడ వాణిజ్య మండలిలో నమోదుతో పని పూర్తికాదు. మద్యం కూడా వడ్డించే చోటయితే 2021 జులై 1న అమల్లోకి వచ్చిన ఆల్కహాల్ చట్టం వర్తిస్తుంది. నిర్వాహకుడికి 21 ఏళ్లు నిండాలి, సామాజిక పరిశుభ్రత మీద పరీక్ష రాసి ధ్రువపత్రం తెచ్చుకోవాలి, వడ్డించే గది కనీసం 35 చదరపు మీటర్లు ఉండాలి. మద్యం లేకపోయినా చాలా మున్సిపాలిటీలు నిర్వహణ అనుమతి విడిగా అడుగుతాయి. వీటికి తోడు 2003 నుంచి అమల్లో ఉన్న బీబాబ్ చట్టం కింద, పెట్టుబడి ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమని మున్సిపాలిటీ నిలదీయవచ్చు. జవాబు నచ్చకపోతే అనుమతి నిరాకరించవచ్చు. విసుగు పుట్టించే తతంగమే. కానీ అందులో తప్పినవాడు వ్యాపారం తెరవకముందే ఆగిపోతాడు. ఇంగ్లండ్‌లో మద్యానికి మాత్రం 2003 లైసెన్సింగ్ చట్టం కింద ముందస్తు అనుమతి కావాలి. అర్ధరాత్రి అమ్మకాలను పక్కన పెడితే ఇడ్లీకి, బిర్యానీకి అక్కర్లేదు.

ఇంగ్లండ్ పరీక్ష పేరు ఫుడ్ హైజీన్ రేటింగ్. 2010లో ఫుడ్ స్టాండర్డ్స్ ఏజెన్సీ తెచ్చిన ఈ పద్ధతిలో కౌన్సిల్ అధికారి చెప్పాపెట్టకుండా వచ్చి చూసి, 0 నుంచి 5 దాకా ఒక అంకె ఇస్తారు. ఆ అంకె ఎలా వస్తుందో తెలిసినవాళ్లు తక్కువ. మూడు విషయాలకు మార్కులు వేస్తారు: ఆహారాన్ని ఎంత శుభ్రంగా వండి నిల్వచేస్తున్నారు, భవనం ఎలా ఉంది, యాజమాన్యం మీద ఎంత నమ్మకం ఉంచవచ్చు. ఇవి తప్పులకు పడే మార్కులు, ఎక్కువైతే నష్టం. 5 రావాలంటే మొత్తం 15 దాటకూడదు, ఏ ఒక్క దాంట్లోనూ 5 మించకూడదు. మూడోదాంట్లో 20 పడితే మాత్రం, మిగతా రెండింట్లో సున్నా వచ్చినా, రేటింగ్ 1 దాటదు. ఆ మూడోది దాదాపు రాతకోతల మీదే ఆధారపడుతుంది. ప్రమాదం ఎక్కడ పుడుతుంది, దాన్ని ఎలా ఆపుతున్నారు, రోజూ ఎవరు చూసి రాస్తున్నారు అనేది కాగితం మీద ఉండాలి. అంటే అద్దంలా మెరిసే వంటగదికి కూడా 1 రావచ్చు. చిన్న హోటళ్ల కోసం ఏజెన్సీ వాళ్లే ‘సేఫర్ ఫుడ్, బెటర్ బిజినెస్’ అనే పుస్తకం తయారుచేసి ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టారు. దాన్ని తెరిచే ముందే నింపడం మొదలుపెట్టడం కంటే చవకైన పెట్టుబడి ఈ వ్యాపారంలో ఇంకొకటి లేదు.

‘తరతరాలుగా వండుకు తింటున్నాం, ఎవరికీ ఏమీ కాలేదు, ఇప్పుడు దోసెపిండికి డైరీ రాయాలా?’ అని అడిగేవాళ్లు ఉంటారు. ఇది కొట్టిపారేయాల్సిన ప్రశ్న కాదు. మన వంట చాలావరకు చేతి అంచనా మీద నడుస్తుంది, ఆ అంచనా వెనక నిజమైన జ్ఞానం ఉంది. కానీ ఇంట్లో పదిమందికి సరిపోయిన అంచనా, రోజుకు రెండు వందల మందికి వడ్డించేచోట, వంటమనిషి మారినప్పుడల్లా తప్పుతుంది. అన్నం సంగతే తీసుకోండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా సిద్ధబీజాలు ఉడికించినా చావవు. వండిన అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మొలకెత్తి విషం తయారుచేస్తాయి, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. అందుకే వేడిగా అమ్మేది 63 డిగ్రీల పైన, చల్లగా ఉంచేది 8 డిగ్రీల లోపల ఉండాలని నిబంధన. చల్లటి పదార్థాన్ని అమ్మకానికి బయట పెడితే ఒక్కసారి, గరిష్ఠంగా నాలుగు గంటలు. పొద్దున కలిపిన దద్దోజనం సాయంత్రం దాకా గిన్నెలో ఉంచడం ఇంట్లో మామూలే కావచ్చు, కౌంటర్ మీద కుదరదు. రాత్రంతా పులిసే దోసెపిండిని ఎవరూ వద్దనరు. ఎంతసేపు, ఎక్కడ పులిసింది, ఎప్పుడు ఫ్రిజ్‌లోకి వెళ్లింది అన్నది చూపించగలగాలి. జ్ఞానాన్ని కొత్త వంటమనిషికి అందించే దారి ఇదే కాబట్టి, డైరీని మన వంటకు అవమానంగా చూడనక్కర్లేదు.

ఇంతకంటే పెద్ద ప్రమాదం అలర్జీలతో. చట్టం పేరుపెట్టి చెప్పిన 14 అలర్జీ పదార్థాల జాబితాలో ఆవాలు, నువ్వులు, వేరుశెనగ, జీడిపప్పులాంటి గింజపప్పులు, పాలు, గోధుమ, రొయ్యలు, చేపలు, గుడ్లు ఉన్నాయి. తెలుగు భోజనంలో వీటిలో ఏదీ తగలని వంటకం వెతకడం కష్టం: తాలింపు అంటేనే ఆవాలు, ఆవకాయ అంటేనే ఆవపిండి. గ్లూటెన్ పడనివాళ్లు ఇడ్లీ, దోసె తమకు సురక్షితమని నమ్మి వస్తారు. కానీ బజార్లో దొరికే ఇంగువ పొడి చాలావాటిలో గోధుమపిండి కలిసి ఉంటుంది, అది సాంబారులోకి వెళుతుంది. వంటవాడికి చిటికెడు ఇంగువ లెక్కలోది కాదు, తినేవాడికి అది ఆసుపత్రి దాకా తీసుకెళ్లేది కావచ్చు. 2014లో నార్త్ యార్క్‌షైర్‌లో వేరుశెనగ పడని ఒక వ్యక్తి, గింజపప్పులు వద్దని చెప్పి తెచ్చుకున్న కూర తిని చనిపోయాడు. బాదం పొడి బదులు చవకగా దొరికే, వేరుశెనగ కలిసిన పొడి వాడినట్టు తేలి, ఆ భారతీయ రెస్టారెంట్ యజమానికి 2016లో ఆరేళ్ల జైలు పడింది. అదే 2016లో బాగెట్‌లోని నువ్వుల వల్ల ఒక పదిహేనేళ్ల అమ్మాయి ప్రాణం పోయింది. ఆమె పేరుతోనే పిలిచే నటాషా చట్టం 2021 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. మీ హోటల్లోనే చేసి, అక్కడే ప్యాక్ చేసి అరలో పెట్టిన ఆవకాయ సీసాకైనా, పులిహోర డబ్బాకైనా పదార్థాల పూర్తి జాబితా, అందులో అలర్జీవి కొట్టొచ్చినట్టు కనబడేలా, ఉండి తీరాలి. ఈ నిబంధన కఠినమని సణిగేవాళ్ల పక్షాన నేను నిలబడలేను.

ఇక భవనం. చాలామంది పెట్టుబడి ఇక్కడే మునుగుతుంది. 2020 సెప్టెంబర్ 1 నుంచి దుకాణాలు, కూర్చుని తినే రెస్టారెంట్లు ‘క్లాస్ ఇ’ అనే ఒకే వర్గంలో ఉన్నాయి కాబట్టి, హౌన్స్‌లో హైస్ట్రీట్‌లో ఒక బట్టల దుకాణాన్ని రెస్టారెంటుగా మార్చడానికి సాధారణంగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేదు. కానీ ప్రధానంగా పార్సిళ్లు అమ్మే బిర్యానీ పాయింట్ ఆ వర్గంలోకి రాదు, దానికి అనుమతి తీసుకోవాలి. పైగా 2021 నాటి లండన్ ప్లాన్ ప్రకారం ఏ పాఠశాలకైనా 400 మీటర్ల నడక దూరంలోపు కొత్త టేకవేకు అనుమతి ఇవ్వకూడదు. ఇళ్లూ బళ్లూ కలిసిపోయిన హౌన్స్‌లోలాంటి చోట ఆ దూరం దొరకడమే కష్టం. తాలింపు పొగ బయటికి పోవడానికి గోడ మీదుగా గొట్టం వేయాలన్నా సాధారణంగా విడిగా అనుమతి కావాలి. పైఅంతస్తులో కాపురాలుంటే అభ్యంతరాలూ వస్తాయి. హీత్రో విమానాశ్రయం పక్కనే ఉంది, షిఫ్ట్ దిగి వచ్చేవాళ్లకు అర్ధరాత్రి వేడి వేడి దోసె అమ్ముదామనుకుంటే అదీ లైసెన్సు వ్యవహారమే: రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా వేడి ఆహారమైనా, కప్పు టీ అయినా అమ్మడానికి 2003 లైసెన్సింగ్ చట్టం కింద అనుమతి తప్పనిసరి. పదేళ్ల లీజు రాసుకున్నాక ఈ సంగతులు తెలిస్తే అద్దె ఆగదు, వ్యాపారం మాత్రం ఆగుతుంది. వ్యాట్ లెక్క కూడా అప్పుడే వేసుకోవాలి. పన్నెండు నెలల అమ్మకాలు 90,000 పౌండ్లు దాటితే నమోదు కావాలి, అంటే వారానికి సుమారు 1,730 పౌండ్లు. అక్కణ్ణుంచి వడ్డించే ప్రతి ప్లేటు మీదా 20 శాతం. ధరల పట్టిక రాసేటప్పుడు ఆ ఐదో వంతు సంగతి మరిచిపోయినవాళ్లు రద్దీ పెరిగినకొద్దీ నష్టపోతారు.

ఇంటి వంటగదిలో పచ్చళ్లు, కర్రీ పాయింట్ డబ్బాలు తయారుచేసి వాట్సాప్ గ్రూపుల్లో అమ్మడం చిన్న పని కదా, దానికీ ఇవన్నీనా అనే మాట కూడా వినవస్తుంది. గుడిలో ఎప్పుడో ఒకసారి పెట్టే ప్రసాదానికి, ఉగాదికి సంఘం వాళ్లు వండుకునే భోజనానికి నమోదు అక్కర్లేదు. క్రమం తప్పకుండా, ఒక పద్ధతిగా అమ్మితే ఇంటికీ అదే 28 రోజుల నియమం, అదే తనిఖీ, అదే రేటింగ్. ఫోన్లో ఆర్డర్ తీసుకుంటే అలర్జీ వివరాలు రెండుసార్లు చెప్పాలి: కొనేముందు ఒకసారి, అందించేటప్పుడు ఒకసారి. చదువుకునే పిల్లలు మాత్రం ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి నిషిద్ధం, పచ్చడి సీసాలు అమ్ముకోవడం కూడా అందులోకే వస్తుంది. గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక అయితే చేసుకోవచ్చు. హోటల్ యజమానులకూ ఇది వర్తించే సంగతే. పని చేసే హక్కు లేనివాళ్లను పెట్టుకుంటే 2024 ఫిబ్రవరి నుంచి మొదటిసారికే మనిషికి 45,000 పౌండ్ల దాకా జరిమానా. మనవాడే కదా, వీసా పరిమితి దాటి నాలుగు గంటలు ఎక్కువ చేయనీ అన్న దయ ఆ పిల్లవాడి వీసాను కూడా పోగొడుతుంది.

ఇన్ని ఉచ్చులున్నప్పుడు డచ్చివాళ్లలా గుమ్మంలోనే ఆపి అడగడం మేలు కదా అనవచ్చు. నేను ఒప్పుకోను. ముందస్తు అనుమతులు డబ్బూ, న్యాయవాదులూ, భాషా ఉన్నవాడికి సులువు. వలస వచ్చి మూడేళ్లయిన కుటుంబానికి అవే గోడలు. ఇడ్లీ పాత్రతో, అప్పు తెచ్చిన కొద్ది సొమ్ముతో మొదలుపెట్టే మనిషికి ఇంగ్లండ్ ఇచ్చిన చోటు విలువైనది, అది పోకూడదు. మారాల్సింది ఇంకొకటి ఉంది. వేల్స్‌లో 2013 నుంచి, ఉత్తర ఐర్లండ్‌లో 2016 నుంచి రేటింగ్ అంకెను గుమ్మం దగ్గర అతికించడం తప్పనిసరి. ఇంగ్లండ్‌లో ఇప్పటికీ ఐచ్ఛికం. హౌన్స్‌లోలో 1 వచ్చిన హోటల్ ఆ స్టిక్కర్‌ను సొరుగులో పెట్టుకోవచ్చు. ఏజెన్సీ వెబ్‌సైట్‌లో వెతికితే తప్ప తినేవాడికి తెలియదు. లోపలికి రానివ్వడంలో ఇంత ఉదారంగా ఉన్న చట్టం, ఫలితాన్ని వీధికి చూపించడంలోనూ అంత గట్టిగా ఉండాలి. తప్పు ఫలితం వచ్చిందనుకునే యజమానికి 21 రోజుల్లోపు అప్పీలు చేసుకునే హక్కు ఇప్పటికే ఉంది, లోపాలు సరిదిద్దుకుని మళ్లీ తనిఖీ కోరే వీలూ ఉంది. కాబట్టి తప్పనిసరి చేస్తే చిన్నవాళ్లకు అన్యాయం జరుగుతుందన్న వాదన నిలవదు. రోజూ డైరీ రాసి, ఇంగువ డబ్బా మీద చిన్న అక్షరాలు చదివి 5 తెచ్చుకున్న చిన్న టిఫిన్ సెంటర్‌కు ఆ అంకె తప్ప వేరే ప్రచారం ఉండదు. పక్క దుకాణం తన అంకెను దాచుకోగలిగినంత కాలం ఆ కష్టానికి రావాల్సిన గిరాకీ పూర్తిగా రాదు.